ముక్కలైన రోజులో చదువు

కాలేజీ పిల్లలకు సమయపాలన గురించి చెప్పే పుస్తకాలు, ప్రసంగాలు దాదాపు అన్నీ ఒకే మాట చెబుతాయి. పొద్దున్నే లేవండి, రోజును గంటలుగా విడగొట్టుకోండి, ముఖ్యమైన పని ముందు చెయ్యండి, ఫోన్ దూరంగా పెట్టండి. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కాకపోతే రోజంతా విద్యార్థి చేతిలోనే ఉంటుందనుకుని చెప్పినవి ఇవి. హాస్టల్లో గది, వేళకు మెస్సులో అన్నం, నడిచి వెళ్లే దూరంలో లైబ్రరీ ఉన్న పిల్లవాడికి సరిపోతాయి. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెన్నాగరంలో చదివే పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని, చదువు మీద, ఒత్తిడి మీద వచ్చిన పరిశోధనల్ని మళ్లీ తిరగేస్తే, వాటిలో కొన్ని ఇక్కడ అక్కరకు రావని, కొన్ని మాత్రం మిగతా చోట్ల కంటే ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తాయని తెలుస్తుంది. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

పెన్నాగరం ధర్మపురి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఇంకో 16 కిలోమీటర్లు పోతే హొగెనకల్ జలపాతం, కావేరి. జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్ల బస్సులు ఈ ఊరి మీదుగానే పోతాయి గానీ చుట్టుపక్కల మెట్టపొలాలకు వానే దిక్కు. రాగి, ఉలవ, వేరుశనగ, కర్రపెండలం, గట్ల మీద చింతచెట్లు. పంట దెబ్బతిన్న ఏడు ఇంట్లో ఒకరిద్దరు బెంగళూరు కట్టుబడి పనులకో, తిరుప్పూరు బనియన్ కంపెనీలకో పోతారు. 2011 జనగణనలో తమిళనాడు అక్షరాస్యత 80.09 శాతం ఉంటే ధర్మపురి జిల్లాది 68.54 శాతం, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ. సేలం పెరియార్ విశ్వవిద్యాలయం కింద పెన్నాగరంలో మొదలైన కళాశాల తర్వాత ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల అయింది. ఇలాంటి కాలేజీలకు వచ్చేవాళ్లలో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్లలు.

ఈ జిల్లాకు తెలుగుతో సంబంధం పాతది. 1965లో సేలం నుంచి విడిపోయిన ధర్మపురి జిల్లాలో 2004 దాకా హొసూరు, కృష్ణగిరి కూడా ఉండేవి. తెలుగు గట్టిగా వినిపించే ఆ తాలూకాలు వేరే జిల్లాకు పోయినా ధర్మపురి వైపు పల్లెల్లో తెలుగిళ్లు ఉన్నాయి. పశ్చిమ తమిళనాడు అరుంధతీయ కుటుంబాల్లో చాలామంది ఇంటి మాట తెలుగే. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల కోటాలో వాళ్లకు 3 శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చాక ఆ ఇళ్ల పిల్లలకు కాలేజీ తలుపు కొంచెం తెరుచుకుంది. తలుపు తెరుచుకోవడం ఒక ఎత్తు, లోపల నిలబడి చదువు ముగించడం ఇంకో ఎత్తు.

ఒక అమ్మాయి రోజు చూద్దాం. ఈమె ఫలానా మనిషి కాదు, ఇలాంటి పల్లెల నుంచి వచ్చే పిల్లల రోజుల్ని కలిపి చెబుతున్నాను. ఏరియూరు వైపు ఊరు. తెల్లారకముందే లేచి నీళ్లు పట్టాలి, కొట్టం ఊడవాలి, తమ్ముణ్ణి బడికి తయారుచెయ్యాలి. టౌన్ బస్సు తప్పితే ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు. బస్సులో ముప్పావుగంట, ఎక్కువ రోజులు నిలబడే. క్లాసులయ్యాక బస్టాండులో ఎదురుచూపు, మళ్లీ ముప్పావుగంట. ఇల్లు చేరి వంటలో ఒక చెయ్యేసి, అందరూ తిన్నాక పుస్తకం తెరిచేసరికి రాత్రి తొమ్మిది. పదింటికి కళ్లు మూతలు పడతాయి. మాఘం దాటి చింతకాయ రాలే రోజులొస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీయాలి. ఆ పని ఉధృతంగా సాగేదీ, ఏప్రిల్ సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడేదీ ఒకే కాలంలో. మగపిల్లల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి శని ఆదివారాలు, ముహూర్తాల రోజులు క్యాటరింగ్ పనికో, సెల్ షాపుకో, హొగెనకల్ హోటళ్లకో పోతాయి.

ఈ అమ్మాయికి సమయం లేదనడం సరికాదు. ఉంది, కానీ వరుసగా మూడు గంటలుగా లేదు. బస్సులో, స్టాండులో, రెండు క్లాసుల మధ్య, పడుకోబోయే ముందు ముక్కలు ముక్కలుగా ఉంది. మన దగ్గర చదువంటే గుర్తొచ్చేది తలుపేసుకుని గంటల తరబడి కూర్చోవడం. అలా కూర్చోలేని పిల్ల తనకు చదువు రాదనుకుంటుంది. ఆ అనుకోవడం దగ్గరే ఒత్తిడి మొదలవుతుందని నా నమ్మకం.

పేదరికం బుర్ర మీద వేసే బరువును కొలిచిన పరిశోధన ఒకటి తమిళనాడులోనే జరిగింది. 2013లో సైన్స్ పత్రికలో అచ్చయింది. 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు చేతికొచ్చాక ఒకే రకం బుద్ధి పరీక్షలు పెట్టారు. మనిషి అదే మనిషి. కోతకు ముందు, చేతిలో డబ్బాడని రోజుల్లో తక్కువ మార్కులొచ్చాయి. కోత తర్వాత పెరిగాయి. అప్పు, ఖర్చు లోపల తిరుగుతూ ఉంటే వేరే ఆలోచనకు చోటు మిగలదని పరిశోధకులు తేల్చారు. ఫీజు కట్టే గడువు, అమ్మ ఆస్పత్రి ఖర్చు, నాన్న బెంగళూరు నుంచి పంపాల్సిన డబ్బు తలలో తిరిగే పిల్లకు పాఠం ఎక్కకపోతే, దాన్ని శ్రద్ధ లేకపోవడం అనకూడదు. క్లాసులో ముందు వరుస, వెనక వరుస అని విడదీసి చూసే అధ్యాపకులు ఈ ఒక్క పరిశోధన గుర్తుపెట్టుకున్నా చాలా మార్పు వస్తుంది.

సమయపాలన వల్ల నిజంగా లాభముందా అని పరిశోధకులు చాలాసార్లు అడిగారు. 158 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2021లో కెనడా పరిశోధకులు వేసిన లెక్కలో ఉందనే తేలింది. అయితే పని ఫలితం మీద కంటే జీవితం పట్ల తృప్తి మీద ఆ ప్రభావం ఎక్కువగా కనిపించింది. 1990లో అమెరికాలో 165 మంది విద్యార్థుల మీద జరిగిన పాత అధ్యయనం ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. జాబితాలు రాసుకోవడం, డైరీ పెట్టుకోవడం కంటే ‘నా సమయం నా చేతిలో ఉంది’ అన్న భావన ఉన్నవాళ్లకే ఒత్తిడి తక్కువ, మార్కులు ఎక్కువ. దీన్ని పెన్నాగరానికి తెచ్చుకుంటే అర్థమయ్యేది ఒకటే: రోజంతా చేతికి రాకపోయినా ఒక చిన్న ముక్క మీదైనా హక్కుగా పట్టు దొరికితే మనసు కుదుటపడుతుంది. ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అమ్మాయిని ఎవరూ పిలవకూడదని ఒప్పందం చేసుకోవడం ఏ టైంటేబుల్ కంటే మేలు.

టైంటేబుల్ ఎందుకు నిలవదో కూడా చూడాలి. 1994లో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. చెడ్డ రోజుల్ని మనిషి లెక్కలో వేసుకోడు. బస్సు రాని రోజు, కరెంటు పోయిన రాత్రి, చుట్టాలింట్లో చావు, ఇవేవీ పుస్తకం అట్ట మీద గీసుకున్న గడుల్లో ఉండవు. అందుకే ఈ పిల్లలకు గంటలవారీ టైంటేబుల్ కంటే, ఎప్పుడు ఏ చోట ఏ పని అన్న చిన్న నిర్ణయాలే నిలుస్తాయి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో చేసిన ప్రయోగంలో సెలవుల్లో ఒక నివేదిక రాయమని విద్యార్థులకు పని ఇచ్చి, కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే తేల్చుకోమన్నారు. అలా తేల్చుకున్నవాళ్లలో నూటికి 70 మందికి పైగా వేళకు ముగించారు, తేల్చుకోనివాళ్లలో మూడోవంతు. ‘ఈ వారం ఎకనామిక్స్ చదవాలి’ అన్నది కోరిక. ‘బస్టాండులో బస్సు కోసం నిలబడగానే పొద్దుటి క్లాసు నుంచి మూడు ప్రశ్నలు’ అన్నదే నిర్ణయం.

ఇక చదివే పద్ధతి. అసలు ఆశ ఇక్కడుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది పద్ధతుల్ని తీసుకుని, ఒక్కోదాని వెనక ఎంత ఆధారముందో పరిశీలించారు. ఎక్కువమంది చేసే రెండు పనులు, మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం, అట్టడుగున నిలిచాయి. పైకి వచ్చినవి రెండే. తనను తాను పరీక్షించుకోవడం ఒకటి, ఒకే పాఠాన్ని ఎడమెడంగా చదవడం రెండోది. చదివింది పరీక్షించుకోవడం ఎంత పనిచేస్తుందో 2006లో రోడిజర్, కార్పికి చూపించారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచెయ్యి. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. పరీక్షకు ముందు రాత్రి గైడు పదిసార్లు తిరగేసినవాళ్లకు అంతా వచ్చినట్టు అనిపించడానికి, సెలవుల తర్వాత అదే పాఠం కొత్తగా కనిపించడానికి కారణం ఇదే.

చేసేది చాలా చిన్న పని. ఎకనామిక్స్ క్లాసులో వినియోగదారుని మిగులు చెప్పారనుకుందాం. బస్సెక్కాక నోటు తెరవొద్దు. ముందు మనసులో డిమాండ్ రేఖ గీసుకోవాలి. ధర ఏ అక్షం మీద ఉంటుంది? మిగులు రేఖకు కింద ఉంటుందా, పైన ఉంటుందా? ధర పెరిగితే ఆ త్రికోణం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎక్కడ ఆగిపోయిందో అప్పుడు నోటు తెరిచి ఆ ఒక్క చోటే చూడాలి. ఇంటికొచ్చాక రాత్రి పాత నోటుబుక్కులోని ఒక ఖాళీ కాగితం మీద అదే బొమ్మ మళ్లీ వేసి, తప్పు ఎర్ర పెన్నుతో దిద్దుకుంటే పది నిమిషాలు. నాలుగైదు రోజుల తర్వాత ఇంకోసారి, పదిహేను రోజులకు మరోసారి. ఎడం ఎంత ఉండాలన్నదానికీ లెక్కలున్నాయి. 2008లో 1,350 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో పరీక్ష 35 రోజుల దూరంలో ఉన్నప్పుడు రెండు చదువుల మధ్య 11 రోజుల ఎడం అన్నిటికంటే బాగా పనిచేసింది. ఈ పద్ధతికి వరుసగా మూడు గంటలు అక్కర్లేదు. నిజానికి వరుస గంటలు దీనికి అడ్డు. ముక్కలైన రోజు ఆ పిల్లకు లోటని మనం అనుకుంటున్నాం, చదువు శాస్త్రం మాత్రం ఆ ముక్కల్నే కోరుతోంది. ఈ మాట ఆ అమ్మాయికి ఎవరైనా మొదటి సెమిస్టర్‌లోనే చెప్పాలి.

భాష సంగతి దీనికి ముడిపడి ఉంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. దాంతో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం, రాయడం రాదు. బడి తమిళంలో, కాలేజీ పుస్తకం ఇంగ్లిషులో, ఇంట్లో మాట తెలుగులో. మూడు భాషల మధ్య తిరిగే పిల్లకు ఇంగ్లిషు వాక్యం బట్టీ పట్టడమే దగ్గరి దారిగా కనిపిస్తుంది. అది రెండో సెమిస్టర్‌కే చేతులెత్తేసే దారి. చదివిన దాన్ని తనకు తాను వివరించుకోవడాన్ని డన్‌లోస్కీ బృందం మధ్యరకం ఫలితమిచ్చే పద్ధతిగా లెక్కగట్టింది. అమ్మకు చెబుతున్నట్టు ఇంటి తెలుగులో పాఠం పైకి చెప్పుకుంటే అర్థం కాని చోటు వెంటనే దొరుకుతుంది. ఇంగ్లిషు పదాలు ఆ తర్వాత అతికించుకోవచ్చు. ఇంగ్లిషు మీడియం కోర్సులైనా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు రాసింది. పెన్నాగరంలో స్థానిక భాషంటే తమిళం. తెలుగింటి పిల్లలు కూడా తమిళంలో ధైర్యంగా రాయగలరు. ఆ ధైర్యాన్ని తక్కువ చేసి చూడకూడదు.

నిద్ర మీద ఒక్క మాట. అమెరికాలోని ఎంఐటీలో 88 మంది విద్యార్థుల చేతులకు నిద్ర కొలిచే పట్టీలు కట్టి ఒక సెమిస్టర్ గమనించారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో పరీక్ష ముందు రాత్రి ఎంత పడుకున్నారన్నదానికీ మార్కులకూ సంబంధం కనబడలేదు. అంతకు ముందు వారాల్లో క్రమంగా, చాలినంత పడుకున్నవాళ్లకే మార్కులు బాగున్నాయి. నైట్‌అవుట్ కొట్టడం గొప్పగా చెప్పుకునే అలవాటు ఇంజనీరింగ్ హాస్టళ్ల నుంచి ఆర్ట్స్ కాలేజీలకూ పాకింది. తెల్లారకముందే లేవక తప్పని ఇళ్లలో అది మరీ నష్టం.

అరియర్ల విషయం దీనికంటే బరువైనది. ఆంధ్రాలో బ్యాక్‌లాగ్, సప్లీ అనేదాన్ని ఇక్కడ అరియర్ అంటారు. 75 మార్కుల యూనివర్సిటీ పేపర్‌లో ఒకటి పోతే తర్వాతి సెమిస్టర్ పేపర్లతో కలిపి దాన్నీ రాయాలి. రెండు, మూడు పోగైతే పిల్లలు ఆ పుస్తకం వైపు చూడటమే మానేస్తారు. వాయిదా వెయ్యడం బద్ధకం వల్ల కాదనీ, ఆ పని తలచుకుంటే కలిగే బాధ నుంచి కాసేపు తప్పించుకోవడమనీ కెనడాలో టిమొతీ పిచిల్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. 2010లో ఆయన బృందం ఇంకో మంచి సంగతి కనుక్కుంది. మొదటి పరీక్షకు చదవకుండా కాలం గడిపిన విద్యార్థుల్లో తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. అరియరున్న పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టి అడగడం వల్ల వాడు చదువుకు ఇంకా దూరమవుతాడు. ఒకే పేపర్ తీసుకుని, పాత ప్రశ్నపత్రాలు అయిదు ముందేసుకుని, మళ్లీ మళ్లీ వచ్చిన యూనిట్లు రెండు ఎంచుకుని మొదలుపెట్టమని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు కావాలి. సీనియర్ అక్కలు, అన్నలు ఈ పని అందరికంటే బాగా చేస్తారు.

పెన్నాగరం పిల్లల రోజుకు పూర్తిగా ఎదురు చివర మన తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ ఇంటర్ కాలేజీ ఉంది. అక్కడ బస్సు లేదు, పేడ లేదు, చింతపండు లేదు. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, మార్కుల్ని బట్టి సెక్షన్లు. అక్కడి పిల్లకూ తనదంటూ గంట లేదు. ఆ బతుకు ఎంత ప్రమాదమో ఆంధ్రప్రదేశ్‌లో 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ పరిశీలించాయి. పిల్లలు మాత్రం పోతూనే ఉన్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగిన గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. దేశం మొత్తం మీద విద్యార్థుల ఆత్మహత్యలు 2021లో 13,089, 2022లో 13,044 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణంపై వచ్చిన కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దంది. ఈ మార్గదర్శకాలు కోచింగ్ సెంటర్లకే కాదు, కాలేజీలకూ వర్తిస్తాయి.

పెన్నాగరం, ఆ కార్పొరేట్ కాలేజీ రెండూ వేరు వేరు లోకాలు. అయినా రెండు చోట్లా పిల్లను నలిపేది ఒకటే, తన రోజు మీద తనకు మాట లేకపోవడం. కష్టపడే పని వల్ల మనిషి విరిగిపోడు. పరీక్ష ముందు కొద్దిగా గుండె దడ ఉండటం మేలే. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం, నేనెందుకున్నానని అనిపించడం రోజుల తరబడి సాగితే అది మామూలు పరీక్ష భయం కాదు. అప్పుడు 14416కు ఫోన్ చెయ్యొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. డబ్బు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. స్నేహితురాలు అలా మాట్లాడుతోందంటే సలహాలిచ్చే ముందు పక్కన కూర్చుని ఆ ఫోన్ చేయించడం మంచిది.

ప్రభుత్వం కొంత చేసింది, అది చిన్నదేమీ కాదు. 2021 మే నుంచి టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. 2022 సెప్టెంబర్ 5న మొదలైన పుదుమై పెణ్ పథకంలో ప్రభుత్వ బడుల్లో చదివి కాలేజీకొచ్చిన అమ్మాయిలకు నెలకు వెయ్యి రూపాయలు, 2024 ఆగస్టు నుంచి తమిళ్ పుదల్వన్ పేరుతో అబ్బాయిలకూ వెయ్యి. చెరకు రైతుల పరిశోధనతో కలిపి చూస్తే ఈ వెయ్యి రూపాయలు చదువు మీద పెట్టిన ఖర్చే. నెల తిరిగేసరికి ఒక బెంగ తగ్గితే ఆ మేరకు తల ఖాళీ అవుతుంది. 2022లోనే వచ్చిన నాన్ ముదల్వన్ నైపుణ్య కోర్సులు ఉద్యోగానికి పనికొస్తాయి గానీ అవీ అదే రోజులో ఇమడాలి. దానికి తోడు ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే గ్రూప్ 4 పరీక్షకు చదివేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. డిగ్రీనా, గ్రూప్ 4నా అన్నది తేల్చుకోలేక రెండూ సగం సగం చదివే పిల్లలకు ఏ సెమిస్టర్‌లో దేనికి ముందు చోటివ్వాలో కాలేజీలోనే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

తల్లిదండ్రులను అడగాల్సింది ఒకటుంది. ఏప్రిల్ పరీక్షల ముందు మూడు వారాలు చింతపండు పనిలోంచి ఆ పిల్లను వదిలెయ్యమని. కూలి లెక్కలో అది నష్టమే, కాదనను. మూడేళ్ల డిగ్రీ మధ్యలో ఆగితే పోయేది దానికంటే చాలా ఎక్కువ.

కాలేజీని అడగాల్సినవి మరీ ఖర్చైనవి కావు. ఊళ్లవైపు ఆఖరి టౌన్ బస్సు వెళ్లేదాకా లైబ్రరీ తెరిచి ఉంచడం, బస్సు వేళల్ని బట్టి మొదటి పీరియడ్‌లో ఆలస్యానికి కొంత వెసులుబాటు ఇవ్వడం. అన్నిటికంటే సులువైనది క్లాసులో అయిదు నిమిషాలు. సోమవారం క్లాసు మొదట్లో గురువారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి, నోట్లు మూయించి, కాగితం మీద రాయించి, పక్కవాళ్లతో దిద్దించాలి. మార్కులు వెయ్యకూడదు, పేర్లు చదవకూడదు. ఇంట్లో పుస్తకం తెరవడానికి వీల్లేని పిల్లకు ఆ అయిదు నిమిషాలే ఎడమెడంగా చదివిన చదువవుతాయి. ఇంటర్నల్ మార్కులు 25 ఎలాగూ అధ్యాపకుల చేతిలోనే ఉన్నాయి గనుక సెమిస్టర్ చివర పెట్టే ఒక పెద్ద టెస్టును నాలుగు చిన్న టెస్టులుగా విడగొట్టడానికి ఏ జీవో కోసమూ చూడక్కర్లేదు. వచ్చే జూన్‌లో చేరే మొదటి సంవత్సరం పిల్లలతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.